బోరు పక్కన ఏముంది?

సిద్దిపేట జిల్లా మర్కూక్ వైపు రైతును ‘బోరు మంచిగ పోస్తుందా?’ అని అడిగితే సగం యోగక్షేమాలు అడిగినట్టే. ఇంగ్లిష్‌లో అది బోర్‌వెల్. మనవాళ్లు వెనక ముక్క కోసేసి, చివర ఉకారం తగిలించి సొంతం చేసుకున్నారు. కోసేసిన ఆ ముక్కే బావి. చాలా ఊళ్లలో నేల మీద జరిగిందీ అదే. మోటబావులు ఒట్టిపోయాక బోరుబండ్లు దిగాయి.

ఇదే మాట మెకానిక్ షెడ్డులో ఇంకో పని చేస్తుంది. ‘ఇంజను బోరుకొచ్చింది’ అన్నాడంటే సిలిండర్ అరిగిందని, జేబు ఖాళీ కాబోతోందని. తుపాకీ దగ్గర పన్నెండు బోరు. సినిమా హాల్లో బోరు సంగతి చెప్పక్కర్లేదు. విసుగు అనే ఆ అర్థం ఎక్కడ పుట్టిందో ఇంగ్లిష్ నిఘంటువులకే తేలలేదు. బోరున ఏడవడం మాత్రం అచ్చంగా మనదే. ఎండిన బోరునీ, బోరుమన్న రైతునీ కలిపి శ్లేష కట్టిన హెడ్డింగులు కరువు ఏడాదుల్లో మా పత్రిక డెస్కుకు వస్తూనే ఉంటాయి. నా చేతికొస్తే కొట్టేస్తాను. మనిషి అప్పు మీద చమత్కారమేంటి?

కాపీలు దిద్దేవాణ్ని కనుక నాకు బోరు కంటే దాని పక్కనున్న క్రియ ముఖ్యం. ‘బోరు వేశాడు’ అంటే ఖర్చు. ‘పడింది’ అంటే నీళ్లు దొరికాయి. ‘పోస్తుంది’ అంటే పంట నిలబడింది. ‘పోయింది’ అంటే మళ్లీ మొదటికి. వేయడానికీ పడటానికీ నడుమ దక్కన్ రాయి ఉంది. గ్రానైట్ నీళ్లను దాచుకోదు. పైన చివికిన పొరలోనూ, కింద పగుళ్లలోనూ దొరికినంతే. ఒక బోరు పగులుకు తగిలి పోస్తుంటే, పక్క చెలకలో వేసినది దుమ్ము లేపి ఊరుకుంటుంది. అందుకే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసేవాళ్లకు ఇప్పటికీ గిరాకీ. ఆ కొబ్బరికాయను నేను నమ్మను. అయినా బండి కిరాయి కట్టబోయే రైతును వెక్కిరించే ధైర్యం కూడా నాకు లేదు.

ఇలా బోరును నమ్ముకున్న మర్కూక్ దగ్గరే 2020 మే 29న కొండపోచమ్మ సాగర్ మొదలైంది. 15 టీఎంసీల జలాశయం. గోదావరి నీళ్లను అంచెలంచెలుగా ఎత్తి అక్కడికి చేర్చారు. బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి ఊళ్లు దాని కింద పోయాయి. పత్రికలు టీఎంసీల్లో మాట్లాడతాయి, రైతు ఇంచుల్లో. ‘రెండించులు పోస్తుంది’ అంటే అతని ప్రాజెక్టు అదే.

ఆ ప్రారంభానికి రెండు రోజుల ముందు, మే 27న, మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో ఒక మూడేళ్ల బాబు అప్పుడే వేసిన బోరులో పడి చనిపోయాడు. అందులో నీళ్లు పడలేదు, దానికి మూతా పడలేదు. మనం రాసే ‘బోరు ఫెయిలైంది’ అన్న వాక్యంలో ఈ సంగతి ఎక్కడా కనబడదు. నీళ్లు లేవని రాసి చుక్క పెట్టేస్తాం. గుంత అక్కడే ఉంటుంది. అందుకే ఎండిన బోర్ల వార్త ఎవరు తెచ్చినా ఇప్పుడు నేను ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాను: పూడ్చారా?

వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో నింపాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. వాడకంలో ఉన్నవాటి కేసింగుకు ఇనుప రేకు వెల్డింగ్ చేయించాలి, లేదా బోల్టులతో గట్టి మూత బిగించాలి. గోనెసంచి కప్పి పైన రాయి పెడితే అది మూత కాదు. మీ చెలకలో పోయిన బోరు ఉంటే, ఈ వారమే పూడ్పించండి.