కాఫ్కాగారి కేసు, ఇంగ్లీషు వాయిదా

కోర్టు మాటలంత మొండివి ఏ భాషలోనూ ఉండవు. ఆకలి, ప్రేమ, ఏడుపు లాంటి మాటలు ఏ దేశం నుంచి ఏ దేశానికి వెళ్ళినా ఎలాగో బతికి బట్టకడతాయి. కోర్టు మాట అలా ఒంటరిగా గడప దాటదు. దాని వెనక ఓ జడ్జిగారు, ఓ బంట్రోతు, బీరువానిండా కాగితాలు, వందేళ్ళ అలవాట్లు ఉంటాయి. వాటన్నిటినీ అక్కడే వదిలేసి మాటను మాత్రం చెయ్యిపట్టుకు తెచ్చామనుకోండి, వచ్చినచోట ఉన్న కోర్టు దాన్ని తనలో కలిపేసుకుంటుంది.

నేను బి.ఎ. చదివినదాన్ని. నవలలు రాసుకునేదాన్ని. నల్లకోటుతో నాకేం పని అంటారేమో! ఫ్రాంజ్ కాఫ్కా నవల 'ది ట్రయల్'ను ఇంగ్లీషులో మూడుసార్లు చదివాను. తర్వాత సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్న కాస్త జర్మన్‌తో, పక్కన లావుపాటి నిఘంటువు పెట్టుకుని, మూలాన్ని ఒకసారి చదివాను. ఈ రెండు పుస్తకాల్లో ఉన్నది ఒకే కోర్టేనా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్నే మీ ముందు పెడుతున్నాను.

కాఫ్కా 1883లో ప్రేగ్ నగరంలో పుట్టాడు. 1906లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 1908 నుంచి 1922 దాకా, ఫ్యాక్టరీ ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్మికులకు బీమా ఇచ్చే సంస్థలో ఉద్యోగం చేశాడు. అంచేత చట్టం భాష ఆయనకు పగటిపూట అన్నం పెట్టిన భాష. రాత్రిళ్ళు కథలు రాసేటప్పుడు కూడా ఆ మాటల్ని తూచి వాడాడే తప్ప, ఏదో భయం పుట్టించడానికి చల్లిన మాటలు కావవి. ఈ నవలను 1914, 15లలో రాసి అసంపూర్తిగా వదిలేశాడు. 1924లో ఆయన పోయాక స్నేహితుడు మాక్స్ బ్రాడ్ 1925లో అచ్చువేయించాడు. 1937లో స్కాట్లండు దంపతులు విల్లా మ్యూర్, ఎడ్విన్ మ్యూర్ దాన్ని ఇంగ్లీషు చేశారు. ఇద్దర్లో జర్మన్ బాగా వచ్చినది విల్లాగారికే. పనిలో సింహభాగం తనదేనని ఆవిడ డైరీలో రాసుకున్నారు కూడా. ఆవిడా నవలాకారిణే కనక నాకు ఆవిడమీద కాస్త పక్షపాతం ఉందని ముందే చెబుతున్నాను. ఆ వాక్యాల నడక, ఆ నిబ్బరం ఎవరికో గాని పట్టుబడవు. నా పేచీ అంతా కోర్టు మాటలతోనే.

ముందు పేరు సంగతి చూడండి. జర్మన్‌లో ఈ నవల పేరు 'డేర్ ప్రొత్సెస్'. ఫిర్యాదు పడ్డ నాటినుంచి ఫైలు మూసేదాకా జరిగేదంతా ప్రొత్సెసే. 'వాళ్ళ కేసు ఇంకా నడుస్తోందండీ' అంటామే, ఆ కేసన్నమాట. ఇంగ్లీషు ట్రయల్ అంత పెద్దది కాదు. బోనులో ముద్దాయి, సాక్షులు, ఇరుపక్షాల ప్లీడర్లు, చివర తీర్పు - ఆ ఒక్క ఘట్టమే ట్రయల్. దానికి జర్మన్‌వాళ్ళు వేరే పేరు పెట్టుకున్నారు, 'హౌప్ట్‌ఫెర్హాండ్లుంగ్' అని. నోరు తిరగదు గాని అర్థం తేలికే, అసలు విచారణ అని.

తమాషా ఏమిటంటే, కాఫ్కా నవలలో ఆ అసలు విచారణ రానే రాదు. ముప్ఫయ్యో పుట్టినరోజు ఉదయం జోసెఫ్ కె.ని అరెస్టు చేస్తారు. ముప్ఫయ్యొకటో పుట్టినరోజుకు ముందురాత్రి చంపేస్తారు. మధ్యలో ఏడాదిపాటు నడిచింది కేసు. 'ట్రయల్' అని పేరు చూసిన ఇంగ్లీషు పాఠకుడు, ఎప్పుడు పిలుస్తారా, నేరమేమిటో ఎప్పుడు చదువుతారా అని చివరిపేజీదాకా కాచుకుని, మోసపోయినట్టు పుస్తకం మూస్తాడు. జర్మన్ పాఠకుడికి ఆ ఎదురుచూపు లేదు. మొదటిపేజీలోనే ప్రొత్సెస్ మొదలైపోయింది. తీర్పనేది ఒకనాడు పిలిచి వినిపించేది కాదని, నడుస్తున్న కేసులోంచే ఊరుతుందని చివర్లో చర్చిలో పూజారి చెప్పేదానికి పునాది ఆ పేరులోనే ఉంది.

'ట్రయల్'కు ఒక గుణం లేకపోలేదు. ఆ మాటకు అగ్నిపరీక్ష అనే అర్థం కూడా ఉంది. జర్మన్ పేరులో లేని ఆ ధ్వని ఇంగ్లీషులో కలిసొచ్చింది. 1998లో బ్రెయాన్ మిచెల్ కొత్తగా అనువదించినప్పుడు కూడా ఆ పేరు జోలికి పోలేదు. అరవయ్యేళ్ళు వాడుకలో ఉన్న పేరును కదపడం ఎవరితరం?

ఇక మొదటి వాక్యంలోనే ఇంకో చిక్కు. కె. గురించి ఎవరో ఏదో చేసి ఉండాలి, అందుకే అరెస్టు అని మొదలవుతుంది కథ. ఆ చేసినదానికి కాఫ్కా వాడిన మాట 'ఫెర్లోయ్మ్‌డెన్'. మ్యూర్ దంపతులు దాన్ని అబద్ధాలు చెప్పడం అన్నారు. మిచెల్ 'స్లాండర్' అన్నాడు. జర్మనీ శిక్షాస్మృతిలో ఈ మాటకు అర్థం, అబద్ధమని తెలిసీ ఒకరి పరువు తీయడం. కాని ప్రేగ్ అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. ఆస్ట్రియా చట్టంలో అదే మాటకు అర్థం, చేయని నేరం అంటగట్టి సర్కారుకు పట్టించడం! భాష ఒకటే, మాట ఒకటే, సరిహద్దు దాటితే నేరం వేరు. కాఫ్కా చదువుకున్నది ఆస్ట్రియా చట్టం. మనవాళ్ళు చాడీలు చెప్పడం వేరు, పితూరీ పెట్టడం వేరు అంటారు చూడండి, సరిగ్గా అంత తేడా. చాడీకి చెవులుంటే చాలు. పితూరీకి పైన ఓ అధికారి ఉండాలి. ఇంగ్లీషులో ఆ అధికారి మొదటి వాక్యంలోంచి మాయమైపోయాడు.

కాఫ్కా మరో కథ 'మెటమార్ఫసిస్'లో, గ్రెగర్ పురుగైపోయిన పొద్దున ఆఫీసునుంచి ఒకడు ఇంటికొస్తాడు. అతను 'ప్రొకురిస్ట్'. మ్యూర్ దంపతులు అతన్ని చీఫ్ క్లర్కును చేసేశారు. గుమాస్తా ఎంత పెద్దవాడైనా గుమాస్తాయే కదా! ప్రొకురిస్ట్ అంటే కంపెనీ తరఫున సంతకం పెట్టే హక్కు చట్టప్రకారం ఉన్నవాడు. అతని పేరు వాణిజ్య రిజిస్టరులో కెక్కుతుంది. మన మాటల్లో చెప్పాలంటే ముక్త్యారునామా ఉన్నవాడు. ఒక్కపూట ఆలస్యానికి కంపెనీ మొత్తం కాళ్ళొచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు లెక్క. ఆ ఇంట్లోవాళ్ళ గాభరా అప్పుడుగాని అర్థం కాదు. జోసెఫ్ కె. కూడా బ్యాంకులో ప్రొకురిస్టే. పగలు సంతకంతో లావాదేవీలు నడిపేవాడు, తన కేసులో ఒక్క కాగితం కూడా కదపలేకపోయాడు.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది 'ఫెర్ష్లెపుంగ్' అనే మాట. నవలలో టిటొరెల్లి అనే చిత్రకారుడు కె.కి మూడు దారులు చెబుతాడు. నిజమైన విడుదల ఒకటి, అది ఎవరికీ దొరికినట్టు లేదు. పైపై విడుదల రెండోది, ఇవాళ వదిలి రేపు మళ్ళీ పట్టుకోవచ్చు. మూడోది ఫెర్ష్లెపుంగ్. మ్యూర్ దంపతులు దీన్ని నిరవధిక వాయిదా అన్నారు. వాయిదా అంటే ఏమిటి? ఆ తారీఖుదాకా ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు. కాని జర్మన్ మాటలో ఉన్న ధాతువు 'ష్లెపెన్', అంటే ఈడ్వడం. కావాలని కేసు సాగదీయడానికి వాళ్ళ కోర్టుల్లో ఇదే మాట. టిటొరెల్లి చెప్పే పద్ధతి కూడా అదే. కేసు ఆగదు. కింది మెట్టుమీదే గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది. ముద్దాయి మాటిమాటికీ జడ్జి దగ్గరకు పోయి కనబడుతూ ఉండాలి, ఒక్కనాడు ఏమరినా ప్రమాదమే. మిచెల్ 'ప్రొట్రాక్షన్' అని అర్థాన్ని పట్టుకున్నాడు గాని, ఆ లాటిన్ మాటలో మోకాళ్ళు చీరుకుపోయే బాధ ఏదీ? మన తెలుగులో ఏ పల్లెటూరి రైతునడిగినా చెబుతాడు, 'పదేళ్ళుగా ఈడుస్తున్నారమ్మా కేసు' అని.

నవల కనక సరిపోయింది, బతుకులో ఇవి ప్రాణాలమీదికి వచ్చే తేడాలు. జర్మన్ చట్టంలో మనిషిని చంపడానికి 'మోర్డ్' అని, 'టోట్ష్లాగ్' అని రెండు పేర్లున్నాయి. మొదటిదాన్ని మర్డర్ అని, రెండోదాన్ని మాన్‌స్లాటర్ అని వార్తలవాళ్ళు చప్పున రాసేస్తుంటారు. మాన్‌స్లాటర్ అనగానే, పాపం చంపాలని చంపలేదు కాబోలు అనుకుంటాం. టోట్ష్లాగ్‌లో చంపాలన్న ఉద్దేశం ఉంటుంది! డబ్బాశ, కర్కశత్వం, దొంగదెబ్బ లాంటి హీన లక్షణాలు ఉంటే అది మోర్డ్, లేకపోతే టోట్ష్లాగ్. ఇంగ్లండు కోర్టులో చాలావరకు రెండూ మర్డరే అవుతాయి. ఒక్క మాటతో చంపినవాడి మనసే మార్చేశాం. చచ్చిపోయినవాడి తల్లి ఆ ఇంగ్లీషు వార్త చదివితే ఏమనుకోవాలి?

ఇదంతా మనకెందుకంటారా? మనలో చాలామందికి కాఫ్కా వచ్చింది ఇంగ్లీషు మీదుగానే. 'ట్రయల్' అనగానే 'విచారణ' అని మన నోటికొస్తుంది. ఆ మాట మనదగ్గర ఏం చేస్తోందో కాస్త ఆలోచించండి. 2022 నాటి జాతీయ లెక్కల్లో మన దేశపు జైళ్ళలో ఉన్నవాళ్ళలో నూటికి 75 మందికి పైగా తీర్పు రానివాళ్ళే. వాళ్ళను 'విచారణ ఖైదీలు' అంటున్నాం. పిలుపు కోసం కూచున్నవాడికి కూడా విచారణ అనే మాట తగిలించి, ఏదో జరుగుతోందన్న భ్రమ కల్పిస్తున్నాం. కాఫ్కా పెట్టిన పేరే వాళ్ళకు నప్పుతుంది. వాళ్ళది కేసు. అది నడుస్తోంది, అంతే.

ఎవరైనా ఈ నవలను తెలుగు చేయబోతుంటే ఒక్క మనవి. ఇంగ్లీషు ప్రతిని బల్లమీద పెట్టుకోండి, కాదనను, కాని జర్మన్ తెలిసినవారిని ఒకరిని పక్కన కూచోబెట్టుకోండి. ఆ తర్వాత ఓ పూట జిల్లా కోర్టు వరండాలో, స్టాంపు వెండరు బల్లపక్కన, ఊరికే కూచుని రండి. కేసు, పితూరీ, ముక్త్యారు, ఈడ్వడం - విల్లా మ్యూర్‌గారికి లండన్ నిఘంటువుల్లో దొరకని మాటలు అక్కడ చెట్టుకింద టీ తాగుతూ వినబడతాయి.