రౌటర్ ముంగిట ఇద్దరు: పవర్ బ్యాంకు, మినీ యూపీఎస్

కరెంటు పోయినా నెట్ పోకూడదు. ఇంటినుంచి ఉద్యోగం చేసేవాళ్లు, ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలు ఉన్న ఇళ్లలో ఇది చిన్న అవసరమేమీ కాదు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. లేనివాళ్లకు రెండు దారులున్నాయి. ఇంట్లో ఉన్న పవర్ బ్యాంకుకు ఓ బూస్టర్ వైరు తగిలించి రౌటర్‌కు కలపడం ఒకటి, రౌటర్ కోసమే తయారైన మినీ యూపీఎస్ కొనడం రెండోది. మొదటిదానికి వైరు ఖర్చే. రెండోదానికి వెయ్యి, రెండు వేలు వదులుతాయి. ధర ఒక్కటే చూస్తే పోటీ అక్కడితో ముగిసినట్టే.

మూత విప్పితే రెండింట్లోనూ కనిపించేది ఒకే జాతి సెల్. 1991లో సోనీ కంపెనీ తొలిసారి మార్కెట్‌కు తెచ్చిన లిథియం అయాన్ సెల్. దాని వెనకున్న పరిశోధనకు 2019లో గుడ్‌ఇనఫ్, విటింగామ్, యోషినోలకు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ సెల్ ఇచ్చేది సుమారు 3.7 వోల్టులు. చాలా రౌటర్లు అడిగేది 12. ఈ దూరాన్ని ఎవరు ఎలా దాటిస్తున్నారన్నదే ఈ రెండింటి మధ్య అసలు తేడా. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే ఎంఏహెచ్ అంకె ఆ తేడాను చెప్పదు.

పవర్ బ్యాంకు పుట్టింది ఫోన్ కోసం. ఫోన్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది, వచ్చే కరెంటును అదుపు చేసే చిప్పూ లోపలే ఉంటుంది. బయటినుంచి వచ్చే 5 వోల్టులు అరసెకను ఆగినా, కాస్త తగ్గినా ఫోన్ పట్టించుకోదు. రౌటర్‌కు ఆ సౌకర్యం లేదు. దాని పొట్టలో దాచుకున్నదేమీ ఉండదు కాబట్టి కరెంటు రెప్పపాటు ఆగినా రీస్టార్ట్ అవుతుంది. ఫైబర్ పెట్టె మళ్లీ లైన్ పట్టుకుని, వైఫై మళ్లీ వెలిగేసరికి మీటింగ్‌లో మీ పేరు పిలిచి వదిలేసి ఉంటారు. ఫోన్ దగ్గర పవర్ బ్యాంకు మంచి పనివాడే. రౌటర్ దగ్గర దానికి చెప్పింది దాని పని కాదు.

ఈ లోపం ఎక్కువగా బయటపడేది కరెంటు పోయినప్పుడు, వచ్చినప్పుడు. చాలా పవర్ బ్యాంకులు ఒకపక్క చార్జవుతూ మరోపక్క కరెంటు ఇవ్వవు. ఇచ్చేవాటిలో కూడా చాలావరకు చార్జర్ ప్లగ్ పెట్టగానే, తీయగానే అవుట్‌పుట్‌ను ఒక్క క్షణం ఆపి మళ్లీ మొదలుపెడతాయి. దాంతో కరెంటు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అడాప్టర్ పిన్ తీసి బూస్టర్ పిన్ పెట్టాలి. ఎటూ రౌటర్ ఓసారి ఆరి వెలగాల్సిందే.

ఇక బూస్టర్ వైరు సంగతి. సెల్ ఇచ్చే 3.7ను పవర్ బ్యాంకు 5కు పెంచుతుంది, ఆ 5ను వైరులోని చిన్న బోర్డు 12కు పెంచుతుంది. రెండు మెట్లు, రెండు చోట్లా నష్టం. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు ఇచ్చే పవర్ బ్యాంకు నుంచి 10 వాట్లు వస్తాయి. నష్టం పోగా 12 వోల్టుల దగ్గర ముప్పాతిక ఆంపియర్ కూడా కష్టమే. ఒంటి రౌటర్ దాంతో నెట్టుకొస్తుంది. కానీ ఫైబర్ పెట్టె వేరు, వైఫై రౌటర్ వేరు ఉన్న ఇళ్లలో ఆ రెండూ ఈ వైరు మీద నడవవు. స్టార్ట్ అయ్యే క్షణంలో రౌటర్ మామూలుకన్నా ఎక్కువ లాగుతుంది. వోల్టేజీ కుంగుతుంది, రౌటర్ ఆరుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆరుతుంది. రౌటర్ చెడిపోయిందనుకుని కంపెనీకి ఫోన్ చేసేవాళ్లున్నారు. వైరు సన్నదైతే వేడి కూడా ఎక్కుతుంది.

టైప్-సీ పీడీ (పవర్ డెలివరీ) పవర్ బ్యాంకు ఉన్నవాళ్లు, దాన్నుంచి కావలసిన వోల్టేజీని అడిగి తీసుకునే ట్రిగ్గర్ కేబుల్ వాడతారు. బూస్టర్ కన్నా ఇది మేలే, పవర్ బ్యాంకే నేరుగా ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. అయితే పీడీ ప్రమాణంలో తప్పనిసరి మెట్లు 5, 9, 15, 20 వోల్టులు. 12 ఇవ్వడం, ఇవ్వకపోవడం తయారీదారు ఇష్టం. పవర్ బ్యాంకు వెనుక అవుట్‌పుట్ వరసలో 12 వోల్టులు అచ్చు వేసి ఉంటేనే ఈ దారి పట్టాలి. ఇచ్చిందేదో తీసుకునే చౌక ట్రిగ్గర్‌తో 12 వోల్టుల పరికరానికి 20 అందిందంటే ఇక రిపేరు మాటే ఉండదు.

మినీ యూపీఎస్ ఆలోచన వేరు. అడాప్టర్, బ్యాటరీ, రౌటర్ ఎప్పుడూ కలిసే ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపు అడాప్టర్ రౌటర్‌ను నడుపుతూ సెల్లులను నింపుతుంది. పోయిన క్షణాన సెల్లులు భారం అందుకుంటాయి. రౌటర్‌కు ఆ సంగతి తెలియదు, ఇంట్లో ఎవరూ లేవక్కర్లేదు. మామూలు పవర్ బ్యాంకు ఎంత పెద్దదైనా చేయలేని పని ఇదొక్కటే, రౌటర్‌కు కావలసిందీ ఇదే.

ఎంతసేపు నడుస్తాయంటే ఇద్దరిదీ దాదాపు ఒకే బలం. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకును 3.7తో గుణిస్తే 37 వాట్-అవర్లు. రెండు మెట్ల నష్టం తీస్తే 27, 28 మిగులుతాయి. 7 వాట్ల రౌటర్‌కు నాలుగు గంటలు. 2,000 ఎంఏహెచ్ సెల్లులు నాలుగున్న మినీ యూపీఎస్‌లో 29.6 వాట్-అవర్లు. నష్టం ఒక్క మెట్టుదే కాబట్టి అదీ మూడున్నర గంటల పైన లాగుతుంది. దుకాణంలో అడగాల్సింది ఈ వాట్-అవర్ల అంకె. మూడు సెల్లుల వరసను 11.1 వోల్టుల దగ్గర 2,000 అని ఒకరు, 3.7 దగ్గర 6,000 అని మరొకరు రాసుకోవచ్చు. లోపలున్న సరుకు ఒకటే. ఇక ఒక్క 18650 సెల్ మీద 9,900 అని ముద్రించి ఉంటే అది పచ్చి అబద్ధం. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవున్న ఆ డబ్బాలో అందులో సగం కూడా పట్టదు.

అలాగని మినీ యూపీఎస్‌కు పూర్తి మార్కులు వేయలేను. దాని బలహీనత దాని బలంలోనే ఉంది. రోజంతా ప్లగ్‌లో ఉండడం వల్ల సెల్లులు ఎప్పుడూ నిండుగా, వెచ్చగా ఉంటాయి. లిథియం సెల్‌ను తొందరగా ముసలిదాన్ని చేసేవి సరిగ్గా ఈ రెండే. ఈ సెల్లులను చార్జ్ చేయడానికి సాధారణంగా పెట్టే హద్దు 45 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మూసిన టీవీ అరలో, వేడెక్కిన రౌటర్ కింద దాన్ని దూర్చితే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. చౌకరకం వాటిలో ఇంకో లోపముంది. సెల్లుల వోల్టేజీని సరిచేయకుండా నేరుగా వదిలేస్తారు. మూడు సెల్లుల వరస నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, అడుగంటేసరికి 9. కొన్ని రౌటర్లు ఓర్చుకుంటాయి, కొన్ని చివరి గంటలో తడబడతాయి. పాత అడాప్టర్ కూడా చూసుకోవాలి. 1 ఆంపియర్ అడాప్టర్ రౌటర్‌ను నడుపుతూ బ్యాటరీనీ నింపాలంటే చేయి కాలేంత వేడెక్కుతుంది. 2 ఆంపియర్లది పెట్టడం మంచిది.

ప్రమాదం ముందుగా తెలిసే విషయంలో మాత్రం పవర్ బ్యాంకుకు ఓ మెట్టు పైన మార్కు వేస్తాను. వాటిలో చాలావరకు మెత్తటి సంచీ సెల్లులు ఉంటాయి. చెడితే ఉబ్బుతాయి, డబ్బా కీళ్లు విడతాయి, కంటికి తెలుస్తుంది. మినీ యూపీఎస్‌లలో తరచూ కనిపించే 18650 సెల్ ఉక్కు గొట్టంలో ఉంటుంది, ఉబ్బి చూపించదు. బ్యాకప్ నాలుగు గంటల నుంచి గంటకు పడిపోవడమే దాని హెచ్చరిక. అయినా పవర్ బ్యాంకు సాధువేమీ కాదు. 2025 జూన్‌లో యాంకర్ లాంటి పేరున్న కంపెనీయే మంటల ముప్పు ఉందని అమెరికాలో 11 లక్షలకు పైగా పవర్ బ్యాంకులను వెనక్కి పిలిచింది. మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ లేకుండా పవర్ బ్యాంకు అమ్మకూడదు. డబ్బా మీది ఆర్-నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడడానికి అర నిమిషం చాలు.

పాత కంప్యూటర్ యూపీఎస్ నుంచి తీసిన 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీని రౌటర్‌కు నేరుగా కట్టేవాళ్లూ ఉన్నారు. లెక్కకు అది 84 వాట్-అవర్లు, నోరూరించే అంకె. చార్జ్ అవుతున్నప్పుడు మాత్రం దాని వోల్టేజీ 14కు పోతుంది, వైర్లు ఒకదానికొకటి తగిలితే ఎర్రగా కాలిపోతాయి. ప్లస్ తీగకు ఫ్యూజు, మధ్యలో రెగ్యులేటరు పెట్టడం చేతకాకపోతే దాని జోలికి పోవద్దు.

ఈ గొడవంతా మన ఇంటికి ఎలా వచ్చిందో చూడండి. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ కరెంటు పోయినా మోగేది. ఎక్స్ఛేంజీలోని 48 వోల్టుల బ్యాటరీ రాగి తీగ మీదుగా ఇంటిదాకా కరెంటు పంపేది. ఆ బ్యాటరీకి నీళ్లు పోసింది, కాపలా కాసింది టెలిఫోన్ శాఖ. ఇప్పటి ఫైబర్ గాజు తీగలో వెలుగు మాత్రమే వస్తుంది, కరెంటు రాదు. శాఖ మోసిన బ్యాటరీ బరువు ఫైబర్‌తో పాటు మన గడపలోకి దిగింది, దాని కాపలా కూడా.

నా తీర్పు ఇది. ఫోను, చేతి ఫ్యాను, 5 వోల్టుల బల్బు, 5 వోల్టులతోనే నడిచే చిన్న రౌటర్ ఉంటే పవర్ బ్యాంకు చాలు, మరోటి కొనకండి. 12 వోల్టుల రౌటర్‌కు, రోజూ కరెంటు పోయే ఊళ్లో, మినీ యూపీఎస్సే. నెలకోసారి పోయేచోట మంచి బూస్టర్ వైరుతో సరిపెట్టుకోవచ్చు. ఏది తెచ్చినా అడాప్టర్ మీది వోల్టేజీ, పిన్ కొలత, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న గుర్తు మూడూ సరిపోల్చాకే గుచ్చండి. 5.5 మిల్లీమీటర్ల పిన్నుల్లోనే లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు కొలతలున్నాయి. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.