ఎత్తు సరే, దేని మీద?

హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఒక జీపీఎస్ స్టేషన్ ఉంది. అంతర్జాతీయ నెట్‌వర్క్ రికార్డుల్లో దాని ఎత్తు సుమారు 440 మీటర్లు. అదే చోటు సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉందని మామూలు మ్యాపు చూసినా తెలుస్తుంది. డెబ్బై మీటర్లకు పైగా తేడా. రెండూ నిజమే చెబుతున్నాయి.

జియోడెసీలో ఎం.టెక్‌కి చేరిన కొత్తలో నన్ను పట్టేసింది ఈ తేడానే. ఉపగ్రహాలకు సముద్రంతో పని లేదు. వాటి లెక్కంతా ఎలిప్సాయిడ్ మీద నుంచి, అంటే భూమి ఆకారానికి దగ్గరగా మనం గీసుకున్న నున్నటి రూపం మీద నుంచి. సముద్రమట్టం గురుత్వం చెప్పినట్టు వింటుంది, కాబట్టి అది ఎగుడుదిగుడు. దాన్నే నేల కిందికి కూడా సాగదీసి ఊహించుకుంటే జియాయిడ్. ప్రపంచం మొత్తం మీద జియాయిడ్ అన్నిటికన్నా కిందికి దిగేది శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో. అక్కడది ఎలిప్సాయిడ్‌కి 100 మీటర్ల పైచిలుకు దిగువన ఉంటుంది. ఆ గుంటలోకి దిగే వాలులోనే మన దక్షిణాది అంతా ఉంది. అందుకే విశాఖ బీచ్‌లో కాళ్లు తడుపుకుంటూ రిసీవర్ ఆన్ చేసి ముడి ఎత్తు చూస్తే మైనస్ పదుల మీటర్లు చూపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు మిషన్ పోయిందనే అనుకుంటారు.

పెద్ద కాలువకు కిలోమీటరుకు పది, పదిహేను సెంటీమీటర్ల వాలే ఎక్కువ. మన ప్రాంతంలో జియాయిడ్ తనంతట తానే కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. ఉపగ్రహం ఇచ్చిన ఎత్తును యథాతథంగా నమ్మి డిజైన్ గీస్తే, డిజైన్ చెప్పినట్టు నీళ్లు పారవు.

ఫీల్డులో మా మధ్య నడిచే మాటలు మరీ పొట్టివి. ‘ఫిక్స్ వచ్చిందా?’ ‘లేదన్నా, ఇంకా ఫ్లోటే.’ జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటుంది. అది పంపే ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. ఆ తరంగంలో ఏ ముక్క దగ్గర ఉన్నామో రిసీవర్ మిల్లీమీటర్ల లెక్కన పట్టేస్తుంది. దారి పొడవునా మొత్తం ఎన్ని తరంగాలు పట్టాయో మాత్రం దానికి తెలియదు. చివరి అంగుళాలు సరిగ్గా చదివి, అంతకుముందు ఎన్ని టేపులు పరిచామో మరిచిపోయినట్టు. ఆ సంఖ్య పూర్ణాంకమే అయి తీరాలి. దొరికితే ఫిక్స్, దొరక్కపోతే ఫ్లోట్. దాన్ని వెతికే లాంబ్డా పద్ధతి 1990లలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టింది. మా బ్యాచ్‌లో ఆ మ్యాట్రిక్సులను తిట్టుకోనివాళ్లు లేరు. ఇప్పుడైతే బటన్ నొక్కితే చాలు, రెండు సెకన్లలో వచ్చేస్తుంది.

అలా వచ్చేయడంతోనే అసలు తంటా. మామిడి చెట్టు కింద పోల్ నిలబెట్టండి. ఆకుల్లో సిగ్నల్ ఒక్క క్షణం తెగినా తరంగాల లెక్క తప్పుతుంది. పక్కనున్న రేకుల షెడ్డుకు తగిలి వచ్చిన సిగ్నల్ మరో అబద్ధం కలుపుతుంది. మన అక్షాంశాల్లో పొద్దు గూకాక అయనోస్ఫియర్ కల్లోలం వేరే. ఇంత జరిగినా స్క్రీన్ మీద ఫిక్స్ అనే పడొచ్చు. అందుకే ఫిక్స్ వదిలేసి మళ్లీ పట్టాలి. ఉపగ్రహాలు కాస్త జరిగాక మళ్లీ కొలవాలి. తెలిసిన పాయింటు మీద పెట్టి సరిచూసుకోవాలి. పీజీ చదువులో నిజంగా ఒంటబట్టేది ఈ అపనమ్మకమే అని నా అభిప్రాయం. మిగతాదంతా మాన్యువల్‌లో ఉంటుంది.

ఫోటోగ్రామెట్రీ ల్యాబ్ మాత్రం సరదా. ఒకే నేలను అరవై శాతం దాకా కలిసేలా తీసిన రెండు ఫోటోలను అద్దాల స్టీరియోస్కోప్ కింద పెట్టి అటూఇటూ జరుపుతుంటే ముందు రెండు ఊళ్లు కనిపిస్తాయి. ఎక్కడో ఒకచోట కళ్లు సర్దుకుంటాయి. చెరువుకట్ట పైకి లేస్తుంది, దిగుడుబావి లోపలికి దిగుతుంది. తేలాడే కొలత చుక్కను తెచ్చి నేలకు ఆనించాలి. పొలంలో ఆనుతుంది, కొబ్బరితోటలో ఆనదు. అక్కడ నేలే కనపడదు మరి. ఇప్పుడా పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. అది మట్టల మీద ఆగి, అదే నేల అంటుంది. 2005 మేలో శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో, ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకోటి 5 డిగ్రీలు వెనక్కి చూస్తూ, ఇదే స్టీరియో పని అంతరిక్షం నుంచి చేసింది. దాని ఎత్తుల మోడల్‌లోనూ చిక్కటి అడవి కొండలా ఉబుకుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో డ్రోన్లూ, రోవర్ రిసీవర్లూ ఊళ్లలోకి వచ్చాయి. గట్టు మీద ఓ పెద్దాయన నన్నడిగాడు: “మీ మిషను తప్పంటారా, మా తాత పాతించిన రాయి తప్పంటారా?” రెండూ కాకపోవచ్చు బాబాయ్ అన్నాను. ఎఫ్‌ఎంబీలో, అంటే పాత సర్వే కొలతల పుస్తకంలో, కొలతలు 66 అడుగుల గొలుసువి, వంద లింకులవి. మిషన్ కొలిచేది భూకేంద్రం నుంచి. ఆ గొలుసు ఏ రాయి దగ్గర మొదలైందో, రోడ్డు వేసినప్పుడు ఆ రాయిని ఎవరైనా పీకి పాతారేమో ఆయనకే తెలియాలి. ఆ పూట సగం ఆయన మాటలు రాసుకోవడానికే సరిపోయింది.

పైగా భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. రాయి అంగుళం కదలకపోయినా, అంతర్జాతీయ ఫ్రేమ్‌లో దాని అంకె ఇరవై ఏళ్లలో మీటరు మారుతుంది. కాబట్టి ఏ డేటమ్ (కొలతకు ఆధారం), ఏ తేదీ అన్నది రాయని అంకె నాకు సగం అంకే. నా బల్ల మీదికి వచ్చే రిపోర్టుల్లో అక్షాంశానికి తొమ్మిది దశాంశాలు ఉంటాయి, అంటే మిల్లీమీటరులో పదో వంతు. తేదీ ఉండదు. వెనక్కి పంపుతాను. కుర్రాళ్లకు చాదస్తంగా ఉంటుంది. ఆ తొమ్మిదో అంకె ఇచ్చింది ఉపగ్రహం కాదు, ఎక్సెల్ అని వాళ్లకు చెబుతుంటాను.