రెండు కన్చెర్టోలు – ఒక పేరు

పాతరూపమును పట్టుకొనువాడు పూర్వాచారపరాయణుడనియు, దానిని త్రోసివేయువాడే సంస్కర్తయనియు మనము తొందరపడి తలచుచుందుము. ఈ తలపు కళలయెడ ఎంతవరకు నిలుచునో చూడవలెనన్న, ఐరోపా సంగీతమున చిన్నమేళములు ఒక్కసభలో జోడించి వాయింపదగిన రెండు కన్చెర్టోలను పరిశీలించుట మేలు. ఒకటి మొజార్టు 1777 జనవరిలో సాల్జ్‌బర్గున రచించిన పియానో కన్చెర్టో. రెండవది స్ట్రావిన్‌స్కీ 1938లో ముగించిన ‘డంబార్టన్ ఓక్స్’. రెండును ఈ-ఫ్లాట్ శ్రుతిలోనివే. రెంటికిని పెద్దమేళ మక్కఱలేదు.

ఆనాటి ఆచారము ననుసరించి మేళము చాలసేపు వాయించిన పిమ్మటనే పియానో ప్రవేశింపవలెను. మొజార్టు ఇందు మేళమొక పలుకు పలుకగనే, రెండవ కొలతలోనే, పియానోచే బదులు చెప్పించెను. ఆ నెలలోనే ఆతనికి 21 యేండ్లు నిండినవి. మర్యాద మీరిన యీ తొందర కేవలము చమత్కారము కాదు. నడిమిభాగమున సీ-మైనరు శ్రుతిలో వయొలిన్లు మ్రోతను అణచుకొని దుఃఖించుచుండ, పియానో మనుష్యుని గొంతువలె మాటలాడును. మొదట చొరవతో పలికిన వాద్యమే యిచ్చట శోకమును భరించుచున్నది.

స్ట్రావిన్‌స్కీ మార్గము వేరు. ఆయన పదునైదు వాద్యములను గైకొని, బాఖు రచించిన బ్రాండెన్‌బర్గు కన్చెర్టోలను ఆదర్శముగా నుంచుకొనెను. కావున ఆయన మరలి చూచినది మొజార్టు కాలమునకు గాక, అంతకు ముందరి కాలమునకు. ఇందు ఒక్క వాద్యమే నాయకత్వము వహింపదు. అన్నియు వంతులవారిగా ముందుకు వచ్చును. మూడు భాగములును ఎడతెగక సాగును. తాళము కుదురుగా నడచినట్లే నడచి, హఠాత్తుగా లెక్క తప్పించి, చెవిని మేల్కొల్పును. పాతరూపమును కోరినంతమాత్రమున ఆయన వెనుకకు పోలేదు. ఐనను పక్షపాతము లేక చెప్పవలెనన్న, ఇందలి తెలివి మెచ్చదగినదేగాని, మొజార్టు నడిమిభాగమువలె హృదయమును పట్టదు.

ఈ జోడింపున మఱియొక విషయము గలదు. స్ట్రావిన్‌స్కీ రచనను 1938 మే 8వ తేదీన వాషింగ్టను నగరమున తొలిసారి నడిపినది నాదియా బూలాంజే యను స్త్రీ. ఆమె పేరు చరిత్రలో నిలిచినది. మొజార్టు తన కన్చెర్టోను ఏ విదుషికొఱకు వ్రాసెనో, ఆమె పేరు మాత్రము మరుగుపడెను. 20వ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సు పండితులు ఆమెను ‘జునోమ్’ అనిరి. ఆ భాషలో ఆ మాటకు ‘పడుచువాడు’ అని యర్థము! ఆమె ప్రసిద్ధ నాట్యాచార్యుడు నోవేర్ కుమార్తె యనియు, పేరు విక్త్వార్ జెనామీ యనియు 2004లో మైకేల్ లోరెంజ్ అను పరిశోధకుడు తేల్చెను. అయినను ఆ పాతపేరింకను వాడుకలో నున్నది.

పాతరూపమును నిలుపుకొనుట దోషము కాదని ఈ రెండు రచనలును చాటుచున్నవి. తెలిసిన పిమ్మటను పాతపొరపాటును నిలుపుకొనుటకు మాత్రము సమాధానము లేదు. వీనిని వాయింపబూనువారు సభాపత్రమున జెనామీ పేరును సరిగా అచ్చువేయింతురు గాక.