చిన్న కీబోర్డు: గుణదోషములు

అమెరికా పద్ధతి కీబోర్డులో సామాన్యముగా 104 మీటలుండును. వానిలో 43 మీటలను తొలగించి, 61 మీటలతో నిర్మించిన చిన్న మెకానికల్ కీబోర్డు ఆటగాండ్ర మెప్పు పొందినది. బల్లపై మౌసును కదల్చుటకు చోటు మిగులుట దీని ముఖ్యగుణము. ప్రతి మీట క్రిందను ప్రత్యేకముగా స్ప్రింగు గల స్విచ్చి యుండును. చెర్రీ ఎంఎక్స్ ఎరుపు స్విచ్చి మొత్తము 4 మిల్లీమీటర్లు దిగునదే యైనను, 2 మిల్లీమీటర్లు దిగగనే అక్షరము పడును; కావున మీటను అడుగంట నొక్కనక్కరలేదు. ఆటకిది అనుకూలమే.

కాని బాణపు మీటలు లేకుండుట పెద్ద లోపము. వ్యాసములో తప్పు దిద్దుటకు వెనుకకు జరుగవలెనన్న, ప్రతిసారి రెండు మీటలు కలిపి నొక్కవలెను. ఆటలో కలిగిన సౌలభ్యము వ్రాతలో పోవుచున్నది. ఒక్క కీబోర్డునే కొనగల విద్యార్థికి, బాణపు మీటలు గల 68 మీటల రకమే మేలు. కొనుటకు ముందు ఒక పుట టైపు చేసి చూచుట మంచిది.