మిథ్యా విశ్వాస పరీక్ష: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఎదుటి మనిషి అనుకునేది తనకు తెలిసినదానికంటే వేరుగా ఉండవచ్చని పసిపిల్లలు ఎప్పుడు గ్రహిస్తారు? దీన్ని తెలుసుకోవడానికి 1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనోవిజ్ఞానవేత్తలు ఒక పరీక్షను ప్రచురించారు. వారి కథలో ఒక బాలుడు చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి బయటికి వెళ్తాడు. అతడు లేనప్పుడు తల్లి దాన్ని మరో అలమారలోకి మారుస్తుంది. తిరిగి వచ్చిన బాలుడు ఎక్కడ వెతుకుతాడు? ఇదే మిథ్యా విశ్వాస పరీక్ష.

ఈ కథను గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలకు మార్చి చూద్దాం. కోతకు వచ్చిన అమ్మ అన్నం క్యారేజీని వేపచెట్టు కింద పెట్టి చేలోకి దిగింది. నీడ తిరిగిపోయిందని అక్క దాన్ని పాకలోకి మార్చింది. అమ్మ చూడలేదు, పక్కనున్న తమ్ముడు చూశాడు. 'అమ్మ క్యారేజీ కోసం ఎక్కడ వెతుకుతుంది?' అని అతణ్ణి అడిగామనుకోండి. 'చెట్టు కింద' అంటే అమ్మ మనసును అర్థం చేసుకున్నాడని, 'పాకలో' అంటే ఇంకా అర్థం చేసుకోలేదని పరీక్ష తీర్పు చెబుతుంది. ఇలాంటి పరీక్షల్లో సాధారణంగా 3 ఏళ్ళవారు ఎక్కువగా తప్పుతారు, 5 ఏళ్ళవారు ఎక్కువగా నెగ్గుతారు.

ఈ పరీక్ష బలాన్ని ముందుగా ఒప్పుకోవాలి. పిల్లవాడికి తెలిసిన నిజాన్నీ, ఎదుటివారి నమ్మకాన్నీ ఇది స్పష్టంగా విడదీస్తుంది. అయితే 'పాకలో' అనే జవాబుకు ఒక్కటే అర్థం ఉందా? చేలో ఆకలితో వచ్చిన అమ్మకు క్యారేజీ చూపించడం పిల్లల పని. 'ఎక్కడ వెతుకుతుంది?' అన్న ప్రశ్నను ఆ పిల్లవాడు 'ఎక్కడ వెతికితే దొరుకుతుంది?' అని తీసుకుని ఉండవచ్చు. అప్పుడు అది అజ్ఞానం కాదు, సాయం.

ఇది కేవలం ఊహ కాదు. 1991లో సీగల్, బీటీ అనే పరిశోధకులు ప్రశ్నలో 'మొదట' అన్న మాట చేర్చి, 'మొదట ఎక్కడ వెతుకుతుంది?' అని అడిగినప్పుడు 3 ఏళ్ళ పిల్లలు మెరుగ్గా జవాబిచ్చారు. తెలుగులో మరో సంగతి ఉంది. 'చెట్టు కింద ఉందనుకుంది' అనగానే, అక్కడ లేదేమోనన్న సూచన వినేవారికి అందుతుంది. పొరపాటు నమ్మకాన్ని సూచించే ఇలాంటి క్రియ చైనా భాషలోనూ ఉంది. దాన్ని వాడి అడిగినప్పుడు అక్కడి పిల్లలు మెరుగ్గా జవాబిచ్చారని 1999 నాటి ఒక అధ్యయనం తెలిపింది. కాబట్టి 'వెతుకుతుంది', 'ఉందనుకుంటుంది' అనే రెండు ప్రశ్నలూ సమానం కావు.

2005లో కెనడా, భారత్, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది. గిన్నెల కింద దాచిన వస్తువును పిల్లల చేతనే మార్పించి, దాచినవారు ఏ గిన్నె ఎత్తుతారని అడిగారు. అయిదు దేశాల్లోనూ 3 నుంచి 5 ఏళ్ళ మధ్యే మార్పు కనిపించింది. కానీ 2013లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, అదే సమోవాలో 8 ఏళ్ళు వచ్చేదాకా ఎక్కువమంది నెగ్గలేదు. ఒకే దేశంలో ఇంత తేడా వచ్చినప్పుడు పిల్లల బుద్ధిని శంకించేముందు, ప్రశ్న అడిగిన తీరును పరిశీలించాలి.

మీలో కొందరు అంగన్‌వాడీల్లో పనిచేస్తుండవచ్చు, కొందరు తల్లిదండ్రులై ఉండవచ్చు. కూలికి వెళ్ళేవారి బిడ్డ ఒక్క ప్రశ్నకు తప్పు చెప్పాడని 'వెనకబడ్డాడు' అని రాస్తే ఆ మాట బడిదాకా వెంట వస్తుంది. అందువల్ల ఈ పరీక్షను వదిలేయనక్కర్లేదు గానీ, దాని తీర్పును చివరి మాటగా తీసుకోకూడదు.

అభ్యాసం: క్యారేజీ కథను 4 ఏళ్ళ పిల్లలకు బొమ్మలతో చెప్పండి. కొందరిని 'ఎక్కడ వెతుకుతుంది?' అనీ, మరికొందరిని 'మొదట ఎక్కడ వెతుకుతుంది?' అనీ అడగండి. జవాబుతో పాటు వారు చెప్పిన కారణాన్నీ రాసుకోండి.