తేనెటీగ వెంట తొర్ర దాకా

అమెరికాలోని బాతెల్ ఊళ్లో బ్లాక్‌బెర్రీ పూత అయిపోయాక, అంటే జూలై చివర్లో, సమామిష్ నది గట్టున తేనెటీగలకు కరువు మొదలవుతుంది. పూలు విరగబూసిన రోజుల్లో పంచదార పాకం పెట్టినా అవి తిరిగి చూడవు. ఇప్పుడైతే వాలతాయి. అడవి తేనెటీగల జాడ తీసేవాళ్లకు ఇదే అదను.

‘బీ లైనింగ్’ అనే ఈ విద్య అమెరికాలో పాతదే. తేనెటీగ మాత్రం ఆ నేలకు పరాయిది. 1622లో వర్జీనియాకు ఓడలో వచ్చింది. పెట్టెల్లోంచి లేచిపోయిన గుంపులు అడవి పట్టాయి, వాటి వెనకాలే తేనె వేటగాళ్లూ నడిచారు.

సరంజామా తక్కువే. చేతిలో ఇమిడే రెండు అరల చెక్క పెట్టె, పాత మైనపు పట్టు ముక్క, సోంపు వాసన పట్టించిన పాకం, దిక్సూచి, గడియారం. పువ్వు మీదున్న ఈగను పెట్టెలో మూస్తారు. చీకట్లో కాసేపు కొట్టుకుంటుంది, పాకం దొరకగానే సద్దుమణుగుతుంది. మూత తీశాక వెంటనే పారిపోదు. పెట్టె చుట్టూ సుడులు తిరిగి, చోటు గుర్తుపెట్టుకుని, ఆపైన తిన్నగా ఇంటిదారి పడుతుంది. ఆ దిక్కు రాసుకోవాలి. వీపు మీద రంగు చుక్క పెడితే, అదే ఈగ ఎంతసేపటికి తిరిగొచ్చిందో తెలుస్తుంది. పెట్టెను ఆ దారి వెంటే జరుపుతూ పోతుంటే ఆ వ్యవధి తగ్గుతూ వస్తుంది. పక్కకు వెళ్లి ఇంకో గీత తీస్తే, రెండు గీతలూ కలిసే దగ్గర చెట్టు. ఇక మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడడమే.

ఎక్కడ చూడాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలోని థామస్ సీలీ, రోజర్ మోర్స్ తేల్చారు. చెట్లు కోసి, లోపలి గూళ్లను కొలిచి, 1976లో ఆ వివరాలు అచ్చువేశారు. తొర్ర సుమారు 40 లీటర్లు, అంటే మన నీళ్ల క్యాన్లు రెండింటంత. వాకిలి ఇరుకు, తొర్ర అడుగు వైపు. ఆ తర్వాత సీలీ ఖాళీ పెట్టెలు కట్టి చూస్తే, నేలకు ఎత్తుగా, దక్షిణానికి తెరుచుకున్న చోటే ఈగలకు నచ్చింది. జాగా చూడడానికి వచ్చిన ఈగ ఆ చీకట్లో గోడల వెంట నడిచి నడిచి విశాలం అంచనా వేస్తుంది. ఇల్లు కొనేముందు మనం కూడా ఇంత చూడమేమో! బాతెల్ ఇళ్ల చెక్క గోడల సందులు కూడా ఒక్కోసారి ఈ పరీక్షలో నెగ్గేస్తాయి.

నల్లమలలో కొండ తేనె తీసే చెంచుల పాట్లు వేరు. ఆ పెద్ద ఈగల పట్టు బండ చరియకు ఆరుబయటే వేలాడుతుంది. కనపడుతూనే ఉంటుంది, తాడు పట్టుకుని దిగడమే ప్రాణసంకటం. మంచు పడే నేలలో ఆరుబయలు కుదరదు. శీతాకాలం గట్టెక్కాలంటే తొర్ర కావాలి.

పాతకాలం వేటగాడు తేనె కోసం చెట్టు నరికేసేవాడు. సీలీ మాత్రం గూళ్లు లెక్కపెట్టడానికి ఈ విద్యను వాడారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్నాట్ అడవిలో 1978లో ఓసారి, 2002లో మరోసారి వెతికారు. మధ్యలో వర్రోవా పురుగు దిగి, పెంపుడు ఈగలను ఊడ్చేసింది. అడవిలో గూళ్లు మాత్రం తగ్గలేదు. మందూ మాకూ లేకుండా, దూరదూరంగా, చిన్న చిన్న తొర్రల్లో అవి ఎలా నిలిచాయన్నది పెంపకందార్లు ఇప్పుడు నేర్చుకుంటున్న పాఠం. పెట్టె, పాకం, గడియారం లేకపోతే ఆ సంగతి బయటపడేదే కాదు.

కొత్త తొర్రలో చేరిన గుంపుల్లో తొలి చలికాలం దాటేవి నాలుగో వంతే. మిగిలినవి చచ్చినా మైనం అక్కడే ఉంటుంది, మరుసటి వసంతంలో ఇంకో గుంపు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. అందుకే అనుభవమున్న వేటగాడు ఖాళీ అయిన తొర్రను కూడా పటంలో గుర్తుపెట్టుకుంటాడు.